సముద్రానికి వదలాల్సిన రోజులు



ఏటా మే నెలలో మనమందరం చెవి ఒగ్గి వినే వార్త ఒకటుంది. నైరుతి రుతుపవనాలు దక్షిణ అండమాన్ సముద్రాన్ని తాకాయన్న వార్త. ఆ మాట చెవిన పడగానే రెంటచింతలలో ఉన్నవాళ్లకీ, రామగుండంలో ఉన్నవాళ్లకీ ప్రాణం లేచొస్తుంది. ఇంకో రెండు మూడు వారాలు ఓర్చుకుంటే మన మీదా నాలుగు చినుకులు పడతాయన్న ధైర్యం. అదే వార్త అండమాన్‌లో పడవలు నడుపుకునేవాళ్లకు, గదులు అద్దెకిచ్చేవాళ్లకు ఇంకోలా వినిపిస్తుంది. ఆ రోజు నుంచి అక్కడ సముద్రం ఎవరి మాటా వినదు. ఏ పడవ కదులుతుందో, ఏది జెట్టీలోనే ఉండిపోతుందో పొద్దున్న లేచాక గానీ తెలియదు.

మన ఇళ్లలో ఈమధ్య అండమాన్ మాట బాగా వినిపిస్తోంది. కొత్తగా పెళ్లయినవాళ్లు వెళ్తున్నారు, రిటైరైన దంపతులు వెళ్తున్నారు, ఎల్టీసీ మీద ఉద్యోగులు కుటుంబాలతో వెళ్తున్నారు. వెళ్లొచ్చినవాళ్లలో కొందరు ఆ నీళ్ల రంగు తలుచుకుంటూ నెలలు గడుపుతారు. ఇంకొందరు, డబ్బు పోయింది, సగం చూడలేదు, పడవలు రద్దయ్యాయి, పరుగులే మిగిలాయి అంటారు. వెళ్లింది అదే ద్వీపాలకు, చాలాసార్లు అదే నెలలో. తేడా అంతా ప్రయాణాన్ని ఏ వరసలో పేర్చుకున్నారన్న దాంట్లో ఉంది. ఇవాళ ఆ సంగతే మాట్లాడదాం.

ముందు ఆ చోటు ఎక్కడుందో మనసులో పెట్టుకోవాలి. విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు సముద్రం మీద పోతే అండమాన్. భారతదేశపు నేల కంటే మయన్మార్ తీరమే దానికి దగ్గర. అక్కడి నుంచి ఇంకా కిందికి నికోబార్ దీవులు, ఆ కొసన ఇందిరా పాయింట్. దానికి ఇండోనేషియాలోని సుమత్రా దాదాపు 150 కిలోమీటర్లే. చిన్నవీ పెద్దవీ కలిపి దీవులు వందల సంఖ్యలో ఉన్నాయి, మనుషులు కాపురం ఉండేవి మాత్రం 30 పైచిలుకు. పర్యాటకులుగా మనం వెళ్లగలిగేవి అంతకన్నా తక్కువ. నికోబార్ వైపు పర్యాటకులను మామూలుగా రానివ్వరు. మనం వెళ్లేది అండమాన్‌కే, అందులోనూ ఎక్కువగా మూడు చోట్లకు. ఒకటి పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. రెండోది హావ్‌లాక్, 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. మూడోది నీల్, ఇప్పుడు షహీద్ ద్వీప్. టిక్కెట్ల మీద కొత్త పేర్లు ఉంటాయి, జెట్టీలో కేకలు పాత పేర్లతోనే వినిపిస్తాయి. రెండూ గుర్తుపెట్టుకుంటే కంగారు ఉండదు. ఈ వేళ నేను కూడా జనం నోట ఉన్న పేర్లే వాడతాను.

ఈ మూడు చోట్ల మధ్య రోడ్డు లేదు, ఉండదు. హావ్‌లాక్‌కైనా నీల్‌కైనా పోర్ట్ బ్లెయిర్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు సముద్రం దాటాలి. ఊటీకో కాశ్మీరుకో వెళ్లేటప్పుడు రోడ్డు మూసేస్తే ఇంకో దారి వెతుక్కుంటాం. ఇక్కడ ఇంకో దారి అనే మాటే లేదు. అందుకని నేను ఎవరు సలహా అడిగినా మొదట చెప్పేది ఒకటే. సముద్రం దాటి చూడాల్సినవన్నీ ప్రయాణం మొదట్లో పెట్టండి, నేల మీద నిలబడి చూసేవన్నీ చివర్లో పెట్టండి.

ట్రావెల్ ఏజెన్సీల వాళ్లు ఇచ్చే పట్టిక సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. దిగిన రోజు సెల్యులర్ జైలు, మర్నాడు పక్కనే ఉన్న చిన్న ద్వీపాలు, ఆ తరువాత హావ్‌లాక్, ఆ తరువాత నీల్, నీల్ నుంచి సాయంత్రం పడవలో తిరిగొచ్చి మర్నాడు తెల్లవారుజామునే విమానం. కాగితం మీద చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ చివరి సాయంత్రం గాలి కొంచెం గట్టిగా వీచిందంటే విమానం దక్కదు.

నీల్ జెట్టీలో ఒక మధ్యాహ్నం నేను కళ్లారా చూశాను. ఆకాశం నిర్మలంగా ఉంది, ఎండ కాస్తోంది. పెట్టెలూ బ్యాగులూ పట్టుకుని జనం వరసలో నిలబడ్డారు. టిక్కెట్లు చూసే కుర్రవాడు తెలుగువాడు, శ్రీకాకుళం యాసలో మాట్లాడుతున్నాడు. “అమ్మా, బయట సముద్రం బాగోలేదు, బోటు వదలట్లేదు. రేపు పొద్దున్న ఆరింటికి రండి, చూద్దాం” అన్నాడు. వరసలో ఒక పెద్దాయన, “ఎండ ఇంత బాగా కాస్తుంటే సముద్రానికేమయింది బాబూ, మాకు రేపు తెల్లారి ఫ్లైటు” అని బతిమాలుతున్నారు. ఆ కుర్రవాడు మాత్రం ఏం చేస్తాడు? ఒడ్డున ఎండ ఉన్నా నడి సముద్రంలో కెరటం లేస్తే పడవ వదలరు. వదలకపోవడమే మంచిది. మా గుంపుకు మర్నాడు విమానం లేదు. మేం వెనక్కి వెళ్లి ఊళ్లో ఇంకో రాత్రి ఉన్నాం. ఆ పెద్దాయన కుటుంబం ఆరుగురు, ఆరు టిక్కెట్లు. ఆ రాత్రంతా ఫోన్లతోనే గడిచింది వాళ్లకు.

ఇది చిన్న గాలి సంగతి. 2016 డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం పట్టినప్పుడు హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు వెళ్లి వాళ్లను తీసుకురావాల్సి వచ్చింది. ఆ వాయుగుండమే బలపడి వర్దా తుఫానై చెన్నై దగ్గర తీరం దాటింది. మన కోస్తాను కొట్టే తుఫానుల్లో చాలావాటికి పుట్టుక అండమాన్ చుట్టుపక్కల నీళ్లలోనే. 2013లో లెహర్ ఆ దీవుల మీదుగా నడిచే మన వైపు వచ్చింది.

కాబట్టి నెల ఎంచుకోవడం మొదటి పని. అక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కోస్తాలో పడేదానికి ఇంచుమించు మూడింతలు. మే మూడో వారం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి సగం దాకా తుఫానుల కాలం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నిమ్మళంగా ఉంటుంది. అందులోనూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీళ్లు అద్దంలా ఉంటాయి, లోపల ఏముందో పైనుంచే కనిపిస్తుంది. పిల్లల చదువులు ఉన్న ఇళ్లకు ఫిబ్రవరి కుదరదు, నాకు తెలుసు. వాళ్లకు సంక్రాంతి సెలవులు దేవుడిచ్చిన వరం. కాకపోతే పండగ వదులుకోవాలి, గదుల ధరా ఎక్కువే ఉంటుంది. దసరా సెలవుల్లో వెళ్దామని మాత్రం అనుకోకండి. వేసవిలో అయితే పరీక్షలు కాగానే, ఏప్రిల్ ఆఖరి వారంలో వెళ్లండి. మే నెలాఖరుకు వాయిదా వేస్తే, మనం ఇక్కడ ఎదురుచూస్తున్న రుతుపవనం మీకు అక్కడే ఎదురొస్తుంది.

వెళ్లడం ఎలా? ఎక్కువమంది విమానంలోనే వెళ్తారు. హైదరాబాదు నుంచి నేరుగా విమానాలున్నాయి, చెన్నై నుంచి ఇంకా ఎక్కువ ఉంటాయి. విమానం దిగడం వీలైనంత వరకు పొద్దున్నే ఉండేలా చూసుకోండి. ఓడ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఓడకీ మనకీ చుట్టరికం ఉంది. చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి వెళ్లినట్టే విశాఖ నుంచి కూడా పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉంది. ఇంచుమించు నెలకొకటి. ఒక్కో నెల అదీ ఉండదు. ప్రయాణం రెండు రోజుల పైనే.

బంక్ క్లాసు అంటే ఓడ అడుగున ఒక పెద్ద హాలు. రైల్లో బెర్తుల్లాగే కిందా మీదా రెండు వరసలు, చెవిలో ఎడతెగకుండా ఇంజను మోత. భోజనం వేళకు మైకులో పిలుస్తారు, కంచం పట్టుకుని వెళ్లాలి. ఆ హాల్లో సగం మంది పర్యాటకులు కారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి అండమాన్‌లో స్థిరపడినవాళ్లు, పెళ్లికో పండక్కో ఊరికొచ్చి తిరిగి వెళ్తున్నవాళ్లు. బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, ఒక మూట తాటి తాండ్ర. పక్క బెర్తులో ముసలమ్మ పలకరిస్తే చాలు, తన మామగారు ఏ ఏడు ఏ పడవలో వెళ్లారో దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం కథ చెబుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనం 3 లక్షల 80 వేల మందిలో 13 శాతానికి పైగా ఇంట్లో మాట్లాడేది తెలుగే. చేపలు పట్టేవాళ్లు, కూలి పనికి వెళ్లి ఉండిపోయినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన పల్లె రేవులో ఉన్నట్టే ఉంటుంది.

ఓడ ప్రయాణం అందరికీ కాదు. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లకు అసలే కాదు. ఓడ తేదీ ఒకటి రెండు రోజులు జరగడం మామూలే. వెళ్లేటప్పుడు ఓడలో వెళ్లి వచ్చేటప్పుడు విమానంలో వస్తే బాగుంటుంది. ఓపికా తీరికా ఉన్నవాళ్లు మాత్రం ఒక్కసారైనా ఆ ఓడ ఎక్కాలంటాను. రెండు రోజులు చుట్టూ నీళ్లు తప్ప ఇంకేమీ చూడకుండా వెళ్లి ఆ పచ్చటి కొండలు చూస్తే, ద్వీపం అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

ఇక వరస. విమానం పొద్దున్న దిగితే ఆ రోజు పోర్ట్ బ్లెయిర్‌లో విశ్రాంతి తీసుకోండి. మర్నాడు ఉదయం మొదటి పడవలోనే హావ్‌లాక్‌కు. పొద్దుటి పడవే ఎందుకంటే, అది రద్దయితే మధ్యాహ్నం ఇంకొకటి ఉంటుంది. చివరి పడవ రద్దయితే ఆ రోజు పోయినట్టే. ప్రైవేటు పడవలు గంటన్నరలో చేరుస్తాయి. ఏసీ హాలు, మూసిన అద్దాలు, గాలి తగలదు, కాబట్టి కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు అరగంట ముందే మాత్ర వేసుకోవాలి, రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోవాలి. ప్రభుత్వ పడవలు నిదానం, రెండున్నర గంటల దాకా పడుతుంది, ఛార్జీ చాలా తక్కువ. పైన డెక్కు మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. నన్నడిగితే ప్రభుత్వ పడవే. టిక్కెట్లు దొరకడం కష్టం, అమ్మకం మొదలైన రోజే చూసుకోవాలి. రెండింటికీ ఆధార్ లాంటి అసలు గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, గంట ముందు జెట్టీలో ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చే మన పిల్లలు, మనవలు ఉంటే వాళ్లకు నియమాలు వేరు. టిక్కెట్లు కొనకముందే కనుక్కోండి.

హావ్‌లాక్‌లో కనీసం రెండు రాత్రులు, కుదిరితే మూడు. అక్కడ ఊళ్ల పేర్లు వింటే మనకు మనవే అనిపిస్తాయి. గోవిందనగర్, రాధానగర్, కృష్ణనగర్, శ్యామ్‌నగర్. నీల్‌లో అయితే సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన శరణార్థులకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. అడవి నరికి పొలం చేసుకున్నారు, వెంట తెచ్చుకున్న దేవుళ్ల పేర్లు ఊళ్లకు పెట్టుకున్నారు. నీల్‌లో కూరగాయల మళ్ల మధ్య సైకిల్ మీద తిరుగుతుంటే కోనసీమలో ఉన్నట్టుంటుంది. ఉన్నట్టుండి చెట్ల సందులోంచి ఆ నీలం కనపడుతుంది.

రాధానగర్ తీరం పేరు మీరు వినే ఉంటారు, 2004లో టైమ్ పత్రిక ఆసియాలో అత్యుత్తమ తీరం అని రాసింది అక్కడి గురించే. సూర్యాస్తమయం చూడటానికి అందరూ అక్కడికే చేరతారు. ఒక్క మాట. మన గడియారమే అక్కడా నడుస్తుంది, సూర్యుడు మాత్రం బాగా ముందు ఉంటాడు. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం 5 గంటలు దాటగానే అస్తమిస్తాడు. ఐదింటికి టీ తాగి బయల్దేరుదాంలే అనుకుంటే వెళ్లేసరికి చీకటే. తెల్లవారడం కూడా తొందరే. అక్కడున్నన్నాళ్లూ నాలుగున్నరకు లేచి, తొమ్మిదింటికి పడుకుంటే రోజు మొత్తం మీ చేతిలో ఉంటుంది.

తేదీలు పెట్టుకునేటప్పుడు ఇంట్లో గోడకున్న క్యాలెండరు ఒకసారి చూడండి, అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో. సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆ వేళలు రోజుకు ఇంచుమించు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. నీల్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గర పగడపు రాతిలో సహజంగా ఏర్పడ్డ వంతెన ఉంది. దాని దగ్గరికి నడిచి వెళ్లాలంటే ఆటు వేళే వెళ్లాలి. అదే దీవిలో భరత్‌పూర్ తీరంలో గాజు అడుగు పడవలు తిరగాలంటే నీళ్లు కావాలి, పోటు వేళ వెళ్లాలి. ఈ సంగతి తెలియక రెండు చోట్లకీ తప్పు వేళకు వెళ్లి, ఏమీ లేదక్కడ అని తిరిగొచ్చేవాళ్లు ఎందరో. పడవ వాళ్లను ముందురోజు రాత్రే అడిగితే రేపు ఆటు ఎన్నింటికో వేళ్ల మీద చెబుతారు. అమావాస్య రాత్రుల్లో హావ్‌లాక్ మడ అడవుల దగ్గర తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి. కంటికి కనపడనంత చిన్న జీవులు కదలికకు వెలుగునిస్తాయి. దాని కోసమే అమావాస్య చూసుకుని వచ్చేవాళ్లున్నారు.

లక్ష్మణ్‌పూర్‌లో ఆటు దిగాక ఆ రాతి మడుగుల పక్కన కూర్చోండి. తొందరపడకండి. మొదట ఏమీ కనపడదు, బురదా నాచూ తప్ప. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే మడుగు మొత్తం కదలడం మొదలవుతుంది. రాయి అనుకున్నది నల్లటి సముద్ర దోసకాయ, చీలిక అనుకున్నది ఊదా రంగు పెదవులతో నోరు తెరుచుకున్న ఆల్చిప్ప. మీ నీడ మీద పడితే టక్కున మూసుకుంటుంది. వేలంత చేప ఒకటి రాతి సందులోంచి తల బయటపెట్టి మిమ్మల్ని చూస్తుంది. చేత్తో ముట్టుకోవద్దు. గైడు తీసి అరచేతిలో పెట్టినా వద్దనండి.

పగడం గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమనుకోకండి. అది రాయి కాదు, మొక్కా కాదు. లక్షల చిన్న ప్రాణులు కలిసి సున్నంతో కట్టుకున్న ఇల్లు. గుండ్రాయిలా కనిపించే రకం ఏడాదికి పెరిగేది ఇంచుమించు ఒక సెంటీమీటరు. బల్లంత పగడం దిబ్బ మీద మనం కాలు పెట్టి విరిచామంటే మన తాతల నాటి నుంచి పెరిగినది ఒక్క అడుగులో పోయినట్టు. అసలే ఆ పగడాలు కష్టంలో ఉన్నాయి. సముద్రం వేడెక్కినప్పుడల్లా వాటిలో రంగునిచ్చే, తిండినిచ్చే నాచు బయటికి పోయి తెల్లబడిపోతాయి. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో అలా జరిగింది. 2010లో దెబ్బ చాలా గట్టిది. అందుకని నీళ్లలో దిగేటప్పుడు ఒంటికి క్రీములు పూసుకోవడం మాని పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఎండా తగలదు, పగడానికీ హాని ఉండదు. కాళ్లు కింద పెట్టకుండా తేలడం వచ్చాకే స్నార్కెలింగ్‌కు వెళ్లండి. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ నుంచి వెళ్లే జాలీ బాయ్ ద్వీపం చూడదగ్గది. అది జాతీయ సముద్ర ఉద్యానవనంలో ఉంది. ఏడాదిలో సగం కాలమే తెరుస్తారు, ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. మిగతా సగం కాలం రెడ్ స్కిన్ అనే ఇంకో దీవికి తీసుకెళ్తారు, ఈలోగా జాలీ బాయ్‌కి విశ్రాంతి. ఇంత మంచి నియమం మన దేశంలో ఇంకెన్ని చోట్ల ఉందో!

చచ్చిన పగడం ముక్కయినా, గవ్వయినా ఒడ్డున ఏరి తెచ్చుకోకూడదు. పగడాలకు పులికి ఉన్నంత చట్ట రక్షణ ఉంది. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో బ్యాగులు చూసేచోట, ఒక చిన్నపిల్ల జేబులోంచి గుప్పెడు తెల్ల ముక్కలు తీసి ట్రేలో పెట్టించారు. ఆ పిల్ల ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. తప్పు ఆ పిల్లది కాదు, ముందుగా చెప్పవలసిన పెద్దవాళ్లది. గవ్వల బొమ్మలే కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ దుకాణం సాగరికలో కొని రశీదు దాచుకోండి.

స్కూబా డైవింగ్ చేసేవాళ్లకు ఒక లెక్క. నీళ్లలోంచి పైకి వచ్చాక 18 గంటలు, ఇంకా మంచిది ఒక రోజంతా, విమానం ఎక్కకూడదు. లోతులో ఒంట్లోకి చేరిన నైట్రోజన్ వాయువు పైన ఆకాశంలో పీడనం తగ్గేసరికి బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. సముద్రం మొదట, నేల చివర అన్న వరస ఇక్కడా పనికొస్తుంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఫారంలో నిజం రాయాలి. హావ్‌లాక్‌లో చిన్న ఆసుపత్రే. పెద్ద వైద్యం కావాలంటే మళ్లీ సముద్రం దాటాలి. రోజూ వేసుకునే మాత్రలు వారం రోజులకు సరిపడా ఎక్కువే తీసుకెళ్లండి. మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగవద్దు. 2010లో హావ్‌లాక్‌లోనే ఒక పర్యాటకురాలిని మొసలి చంపేసింది.

ఇప్పుడు వెళ్లకూడని చోటు గురించి. మీకిచ్చే ప్రతి పట్టికలోనూ బారటాంగ్ ఉంటుంది. సున్నపురాయి గుహలు, బురద ఉబికే గుంటలు. అక్కడికి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్యగా పోతుంది. వాళ్లు కొన్ని వందలమంది మాత్రమే మిగిలారు. 1990ల చివరిదాకా బయటివాళ్లతో పొత్తు లేకుండా బతికారు. పొత్తు మొదలైన కొద్దికాలానికే, 1999లో, వాళ్లలో తట్టు పాకింది. అదే దీవుల్లో ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీ తెగవాళ్లు మన రోగాలకు కరిగిపోయి ఇప్పుడు కొన్ని పదుల మందే ఉన్నారు. ఆ రోడ్డును మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మూయలేదు. 2012లో, పర్యాటకుల ముందు జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా ఛీకొట్టింది. ఇప్పుడు వాహనాలు నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా పోతాయి, ఆపకూడదు, ఫొటో తీయకూడదు. అయినా వరసలో కూర్చున్నవాళ్ల చూపులన్నీ కిటికీల్లోంచి అడవివైపే. కనపడ్డారా, కనపడ్డారా అని. సాటి మనుషుల కోసం అలా కిటికీకి అతుక్కోవడం నా మనసు ఒప్పుకోదు. గుహలే చూడాలంటే మనకు బొర్రా ఉంది, బెలుం ఉంది. బారటాంగ్ తప్పదనుకుంటే సముద్రం మీదుగా పడవ ఉందేమో అడగండి. లేకపోతే ఆ రోజును నీల్‌కు ఇవ్వండి.

నేల మీది రోజులకు వద్దాం. తిరిగి పోర్ట్ బ్లెయిర్ చేరాక విమానానికి ముందు కనీసం ఒక పూర్తి రోజు, వీలైతే రెండు, చేతిలో ఉండాలి. పడవ ఆలస్యమైతే ఆ రోజులు ఆదుకుంటాయి. ఆలస్యం కాకపోతే వాటిని సెల్యులర్ జైలుకు ఇవ్వండి. గంటలో చుట్టేసి వచ్చే చోటు కాదది. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. మధ్య గోపురం నుంచి చక్రం ఆకుల్లా ఏడు వరసలు, దాదాపు 700 గదులు. ఒక వరస ముఖం ఇంకో వరస వీపువైపు ఉండేలా కట్టారు, ఏ ఖైదీ ఇంకో ఖైదీ మొహం చూడకూడదని. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. ఒక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుని నిలబడండి. వెలుతురు వచ్చే కంత చేతికందని ఎత్తున ఉంటుంది. అక్కడి పేర్ల పలకల మీద సావర్కర్ కోసం వెతికేవాళ్లే ఎక్కువ. మీరు ప్రతివాది భయంకరాచారి గారిని కూడా తలుచుకోండి. 1933 కాకినాడ బాంబు కేసులో పట్టుబడి ఈ జైలుకు వచ్చిన మనవాడు. ఈ జైలు కట్టకముందే, 1879లో రంపలో తిరగబడ్డ మన్యం మనుషులను ఎందరినో ఈ దీవులకే పంపారు. వాళ్లు దిగింది కూడా పోర్ట్ బ్లెయిర్ రేవులోనే. అవతలి గట్టున కనిపించే కొండ మౌంట్ హారియట్. 1891 యుద్ధం తరువాత ప్రవాసం పంపిన మణిపూర్ వీరుల జ్ఞాపకంగా 2021లో దాన్ని మౌంట్ మణిపూర్ అన్నారు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య సముద్రం బొమ్మ ఉండేది చూడండి, అది ఆ కొండ మీద నుంచి కనిపించేదే.

గదిలో నీళ్లు పొదుపుగా వాడండి. ఆకాశమంత వాన పడే చోటే అయినా పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధాన ఆధారం ధనికారి ఆనకట్ట ఒక్కటే. ఎండాకాలంలో ఊరివాళ్లకు రోజు విడిచి రోజు కూడా కుళాయి రాని సందర్భాలుంటాయి. మనం వెళ్లే సీజనూ అదే. ఆ సమయంలో మన హోటల్ బాత్రూములో పారే నీళ్లు వాళ్ల బిందెల్లోకి చేరాల్సినవి.

ఐదు రోజులే సెలవు దొరికినవాళ్లు ఏం చేయాలని అడుగుతారు. ఐదు రోజులకు హావ్‌లాక్ ఒక్కటే పెట్టుకోండి. రెండో రోజు పొద్దున వెళ్లి, నాలుగో రోజు పొద్దుటి పడవకు తిరిగొచ్చి, ఆ రోజూ ఆ రాత్రీ పోర్ట్ బ్లెయిర్‌లో ఉండండి. నీల్ ఎక్కడికీ పోదు. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే హావ్‌లాక్ కంటే నీల్ మేలు, దూరాలు తక్కువ, జనం తక్కువ. పది రోజులున్నవాళ్లు ఉత్తరాన డిగ్లీపూర్‌కు ఓడలో వెళ్లండి. ఇసుక తిన్నెతో కలిసిన రాస్, స్మిత్ జంట దీవులూ, 700 మీటర్లు దాటిన సాడిల్ పీక్ శిఖరమూ, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమూ అక్కడున్నాయి.

వచ్చే సంక్రాంతికి వెళ్లాలనుకుంటే విమానం టిక్కెట్లు దసరా నాటికే చూసుకోండి, గదులు దీపావళి లోపు. పడవ టిక్కెట్లు ఆఖరున. విమానం తేదీలు ఖాయం చేసేటప్పుడు మాత్రం చివరి రోజును ఖాళీగా వదిలారో లేదో మరొక్కసారి చూసుకోండి.